కాంటా మీద వడ్లు

"నీ మొగనితోని నువ్వే మాట్లాడరాదే! నడిమిట్ల నన్నెందుకు నలుపుతున్నరు మీరిద్దరు?"

ఫోనులో పోచవ్వ అరుస్తోంది, కొడుకు మీద కాదు, పక్కనే ఎక్కడో ఉన్న కోడలి మీద. ఆ కోడలి నుంచి జవాబు రాలేదు. వడ్ల మీద పార గీరుకుపోయిన చప్పుడు మాత్రం వచ్చింది.

పన్నెండు రోజులుగా అంజికి భార్య గొంతు వినబడలేదు. పార చప్పుడు, గాజుల చప్పుడు, తలుపు చప్పుడు, అంతే. ఈసారి కోతలకు వస్తానని మాటిచ్చి, కంపెనీ కాగితం మీద ఇంకో ఆరు నెలలకు సంతకం పెట్టానని చెప్పిన రోజు నుంచి రాణి ఫోను ముట్టుకోవడం లేదు. అట్లా మాటిచ్చి తప్పడం ఇది మూడోసారి.

"అవ్వా, ఏమంటున్నది?" అన్నాడు.

"ఏమంటది? ఏమనదు. గదే కదరా బాధ. తిట్టినా బాగుండు."

అంజి మంచం అంచున ముందుకు జరిగి కూర్చున్నాడు. శుక్రవారం. డ్యూటీ లేదు. గదిలో ఆరు మంచాలుంటే నలుగురు పొద్దున్నే దోహా ఏషియన్ టౌన్ గ్రౌండుకు క్రికెట్ ఆడటానికి పోయారు. మిగిలింది తను, ఎదురు మంచం మీద బావమరిది జలంధర్. రాణికి సొంత తమ్ముడు.

"వడ్లు ఎట్లున్నయ్?"

"ఎట్లుంటయ్? వడ్లు కొనే సెంటర్ల కుప్ప వోసి తొమ్మిది దినాలాయె. నీ పెండ్లం పొద్దున పరుసుడు, పొద్దుమీకి కుప్ప జేసి పరద కప్పుడు. ఇయ్యాల కాంటా పెడుతున్నరు. లారీ వచ్చి నిలవడ్డది."

"ఎండినయా?"

"తేమ మిషన్ల పదహారు చూపెట్టింది. సెంటర్ సుహాసిని రాస్కున్నది."

"మిషన్ సంగతి కాదు. ఒక గింజ కొర్కు, చప్పుడు ఇంటా."

"నాకు పండ్లేడున్నయ్‌రా కొడకా! రెండున్నయ్, అవి ఒకదానికొకటి ఎదురుంగ లేవు."

జలంధర్ దిండులో మొహం పెట్టి నవ్వాడు. అంజి నవ్వలేదు. చిన్నప్పుడు నాయన వెంట కల్లం దగ్గరికి పోతే, ముందు గింజ కొరకడమే. మెత్తగా నలిగితే ఇంకో ఎండ కావాలి. కటుక్కుమంటే సంచులు తెమ్మనేవాడు నాయన.

"ఒక్క గింజ అవ్వా," అన్నాడు మళ్ళీ.

ఫోను చేతులు మారినట్టు గరగరమంది. తర్వాత, చెవి పక్కనే కొరికినట్టు, శుభ్రంగా ఒక చప్పుడు.

కటుక్.

పోచవ్వకు అట్లాంటి పళ్ళు లేవు.

అంజి ఫోను చెవికి అదిమాడు. ఇంకో గింజ కొరుకుతుందేమోనని చూశాడు. కొరకలేదు.

"మంచిగ ఎండినయ్," అన్నాడు నెమ్మదిగా. "ఎండబెట్టినోళ్లకు చెప్పు అవ్వా, మంచిగ ఎండినయని."

"నేనేం జెప్పుదురా, ఈడనే ఉన్నది, ఇంటున్నది," అంది పోచవ్వ. "ఫోను దగ్గర వెట్టుకో. కాంటా అయినంక నంబర్ వస్తదట."

కాల్ ఆగింది.

జలంధర్ లేచి కూర్చున్నాడు. "పన్నెండు రోజులకు మా అక్క నీతోని గింజంత మాట్లాడింది బావా."

"నువ్వు నోర్మూస్కో బామ్మర్ది."

"గడ్డమెందుకు గీక్కున్నవ్ పొద్దుగాల్నే? వీడియో కూడ కాదు, ఉత్త కాల్."

అంజి గదమ తడుముకున్నాడు.

తెల్లవారకముందే లేచి స్నానం చేశాడు. ఇవాళ రాణి మాట్లాడక తప్పదు, అది అతనికి తెలుసు. రెండెకరాల పాసుబుక్కు అంజి పేరు మీద ఉంది. సెంటర్లో వడ్లు కాంటా పెట్టి ట్యాబ్‌లో ఎక్కించగానే పట్టాదారు ఫోనుకు ఆరంకెల ఓటీపీ వస్తుంది. మూడు నిమిషాల్లో ఆ అంకెలు చెప్పాలి. చెబితేనే వడ్లు లారీ ఎక్కుతాయి. ఆ నంబరు కోసమే ఇండియా సిమ్మును రీచార్జి చేయించుకుంటూ, ఈ ఫోనులోనే రెండో అరలో బతికిస్తున్నాడు.

పోయిన పంటకు పోచవ్వ అంకెలు విని ముందువి వెనక, వెనకవి ముందు చెప్పింది. మళ్ళీ పంపాల్సి వచ్చింది. ఈసారి చదువొచ్చిన మనిషి పట్టుకుంటేనే ఫోను చేస్తానని సెంటర్ నడిపే మహిళా సంఘం సుహాసిని గట్టిగా చెప్పింది. ఆ ఇంట్లో చదువొచ్చింది రాణి ఒక్కతే.

"సర్కారు మీ ఇద్దరిని కలుపుతున్నది బావా," అన్నాడు జలంధర్. ఆ తర్వాత అతని గొంతు మారింది. "నువ్వు సంతకం పెట్టిన కాగితం ఇంకా నిసార్ అహ్మద్ దగ్గర్నే ఉన్నది. ఆదివారం పొద్దుగాల ఆఫీసుకు పంపుతడట. నిన్న అడిగిన."

"నిన్నెవరు అడగమన్నరు?"

"ఎవలు అనలే. అడిగిన. వాపస్ తీస్కుంటనంటె ఇస్తడట. క్యాంప్ బాస్ అయినా మనిషి మంచోడే."

"తీస్కొని?"

"ఇంటికి పో. లీవ్ ఉన్నది, టికెట్ ఉన్నది. నీకేం రోగం?"

అంజి కిటికీ వైపు చూశాడు. అద్దం మీద దుమ్ము పొర కట్టింది. దాని వెనక నీళ్ళ ట్యాంకరు ఒకటి నిదానంగా మలుపు తిరుగుతోంది.

"చెప్పు బావా. లీవ్ ఇయ్యలేదంటే మాఫీ అనుకుంటం. ఇచ్చిన లీవ్ కాదన్నోన్ని నిన్నే చూసిన."

అంజి ఫోను చార్జింగ్ ఎంతుందో చూసుకున్నాడు.

* * *

మెసేజ్, కాల్ ఒక్కసారే వచ్చాయి.

తెర మీద ఆరంకెలు. కింద, మూడు నిమిషాల తర్వాత చెల్లదని ఒక వాక్యం. అంజి గదిలోంచి వరండాలోకి పరుగెత్తాడు. అక్కడైతే మాట తెగదు. జలంధర్ వెనకే వచ్చాడు.

"చెప్పు."

రాణి గొంతు. కొంచెం బొంగురుపోయి ఉంది. వడ్ల దుమ్ముకు ప్రతి కోతల్లోనూ ఆమె గొంతు అట్లాగే అవుతుంది. ఆ సంగతి తాను మరిచిపోయినట్టు అంజికి ఇప్పుడే తెలిసింది.

"రాణీ..."

"అంకెలు చెప్పు."

"నాలుగు."

"నాలుగు," అంది ఆమె, పక్కనున్న సుహాసినికి వినబడేలా.

"తొమ్మిది."

"తొమ్మిది. ఊ."

అంజి ఆగాడు. ఇంకా నాలుగున్నాయి. నాలుగూ చెప్పేస్తే ఆమె ఊ అంటుంది. ఆ తర్వాత పార చప్పుడు. ఆ తర్వాత ఎన్నాళ్ళో.

"తిన్నవా?" అన్నాడు.

అవతల హమాలీలు ఒకరినొకరు పిలుచుకుంటున్నారు.

"అంకె చెప్పమన్న."

"తిన్ననో లేదో ఒక్క మాట చెప్తె ఏం పాయె? చెప్పు, తర్వాతది చెప్త."

"తిన్న."

"ఏం కూర?"

"బావా!" అన్నాడు జలంధర్ లోగొంతుతో.

"అక్కా, ఒక్క నిమిషమే ఉన్నది," సుహాసిని గొంతు దూరం నుంచి.

"సున్న," అన్నాడు అంజి.

"సున్న. ఇంకా?"

"నా మీద కోపమున్నదా?"

అవతల బస్తా ఒకటి కాంటా మీద పడింది.

"ఉన్నదను. లేదను. ఏదో ఒకటి అను రాణీ. మిగిలిన మూడు ఒక్కసారే చెప్త."

లారీ హారన్ కొట్టింది. గాలికి పరద టపటపమంది. ఎవరో బస్తా దించి "హమ్మా" అన్నారు. కోడి ఒకటి అరిచింది. కుప్పల మధ్య గింజలేరుకునే కోడి అయి ఉంటుంది. అంజి కళ్ళు మూసుకున్నాడు. దోహా లేదు, వరండా లేదు. చెవిలో ఉన్నంత మేరా ఊరే.

జలంధర్ భుజం పట్టుకుని కుదిపాడు. అంజి ఆగమన్నట్టు అరచెయ్యి చూపించాడు. మాట్లాడుతుంది. ఇంకొక్క క్షణం ఆగితే మాట్లాడుతుంది.

ఆమె మాట్లాడింది.

"కోపం పడ్తె వస్తవా?"

అరిచినట్టు లేదు. ఏడ్చినట్టూ లేదు. నీళ్ళు ఎంత లోతున్నాయని అడిగినట్టు అడిగింది.

వస్తానంటే నాలుగో అబద్ధం అవుతుంది. రానంటే, ఇన్ని రోజులకు వినబడ్డ ఈ గొంతు ఇక వినబడదు. ఏమనాలో వెతుక్కుంటూ నిలబడ్డాడు. ఇప్పుడు మౌనంగా ఉన్నది అతను. అవతల ఆమె ఎదురుచూస్తోంది.

"పోయింది అక్కా," అంది సుహాసిని. "టైమ్ అయిపోయింది. ట్యాబ్ తీస్కుంటలేదు."

"ఏడు రెండు ఆరు!" అంజి కేకపెట్టాడు. "రాణీ, ఏడు, రెండు, ఆరు! కొట్టమను!"

"తీస్కుంటలేదంటున్నది కదా."

"మల్ల పంపమను!"

సుహాసిని మాట ముక్కలు ముక్కలుగా వినిపించింది. అర్ధగంట దాకా మళ్ళీ పోదట. లారీవాడు ఆగడట. తర్వాతి సీరియల్ వాళ్ళ నంబరు తయారుగా ఉందట, వాళ్ళ బస్తాలు ఎక్కిస్తారట. నీకు రేపు చూద్దాం అక్కా. రేపు లారీ వస్తే.

"రాణీ, నేను..."

ఫోను ఆగిపోయింది.

* * *

జలంధర్ వరండా గోడ మీద అరచేత్తో కొట్టాడు.

"ఆమె ఎండల తొమ్మిది దినాలు కుప్ప కాడ కూసున్నది," అన్నాడు. "రాత్రి ఆన్నే పండుకున్నది పరద మీద. మా అక్క. నువ్వు ఏం కూర అనడిగితివి."

"మాట్లాడుతదని..."

"మాట్లాడింది కద? ఒక్క మాట అడిగింది. జవాబియ్యి మరి! నోరెండుకపాయె?"

"జలంధర్..."

"జలంధర్ లేదు ఏం లేదు. నీతోని బామ్మర్దిగ నవ్వుతా గని, ఆమె తోడవుట్టినోన్ని."

అతను మెట్ల మీద కూర్చుని మొహం అటు తిప్పుకున్నాడు.

అంజి ఇంటికి చేశాడు. ఎత్తలేదు. తల్లి నంబరుకు చేశాడు. ఎత్తలేదు. సుహాసినికి చేస్తే, పని ఉంది అన్నా అని పెట్టేసింది. అర్ధగంట గడిచింది. రెండో ఓటీపీ వస్తుందని తెర ఆరిపోకుండా బొటనవేలితో తాకుతూ నిలబడ్డాడు. రాలేదు. ఫోనులోనే ఊరి వాతావరణం చూశాడు. నల్లమబ్బు బొమ్మ, దాని కింద మూడు చినుకులు.

పోయినసారి లీవులో పోయినప్పుడు కూడా మబ్బే. నాట్లు నడుస్తున్నాయి. రెండేళ్ళకు మడిలో దిగాడు. చేయాల్సింది పెద్ద పనేమీ కాదు, నాటేవాళ్ళ వెనక నారు కట్టలు విసరడం. చిన్నప్పుడు కళ్ళు మూసుకుని చేసిన పని. ఆ రోజు లెక్క తప్పింది. ఒకచోట కట్టలు గుట్టయ్యాయి, ఒకచోట కైకిలి కూలీలు నడుములు ఎత్తి నారు కోసం చూశారు. ఒక ముసలమ్మ నవ్వింది, గల్ఫు పిలగాడు బురద మరిచిపోయిండని. రాణి తలెత్తి, "నువ్వు ఒడ్డు మీద కూసో," అంది.

కూర్చున్నాడు. మోకాళ్ళ దాకా బురదతో, తన పొలం ఒడ్డు మీద, చుట్టపుచూపుగా వచ్చిన మనిషిలా. మడి ఎక్కడ మెరక, ఎక్కడ లోతు, నీళ్ళు ఏ గండి నుంచి వదలాలి, అన్నీ ఆమెకే తెలుసు. అతని పేరు పాసుబుక్కులో ఉంది, అంతే.

ఈ మాట ఎవరికీ చెప్పలేదు. లీవు కాగితం ముందుకొచ్చినప్పుడల్లా ఆ ఒడ్డు కళ్ళ ముందు ఆడేది. చెయ్యి పక్కనున్న పొడిగింపు కాగితం మీదికి పోయేది.

"అంజీ భాయ్, ఖానా తయ్యార్ హై," కింది వంటగదిలోంచి రయీస్ అన్నానికి పిలిచాడు. అంజి వినలేదు. మసీదు మైకులో శుక్రవారం ఖుత్బా ప్రసంగం మొదలై, అయిపోయి, జనం చెప్పుల చప్పుడు రోడ్డు మీద పలచబడింది.

ఒంటిగంట దాటాక ఫోను మోగింది.

"వడ్లు పోయినయ్‌రా," అంది పోచవ్వ.

"వానకా?"

"వాన ఇంక వడలే. మిల్లు సేటు బండి వచ్చింది. రాణి ఆయన్నే పిలిచి కాంటా పెట్టిచ్చింది. తక్కువకే ఇచ్చింది. నేను వద్దన్న. ఆయనకు ఏ నంబర్లు అక్కర్లేదట కొడకా. ఎవరి పేరు మీద ఉన్నా అక్కర్లేదట."

అంజి గోడకు ఆనుకున్నాడు.

"ఇగో, ఇస్తున్న," అంది పోచవ్వ. ఆమె గొంతులో ఆశ్చర్యం. "రాణే అడుగుతున్నది ఫోను."

మెట్ల మీద జలంధర్ తల తిప్పాడు.

"తక్కువకిచ్చిన," అంది రాణి. "తిట్టుకుంటె తిట్టుకో. మొగులు దిగింది, వాన వడేటట్టున్నది. ఇంకోసారి నిన్ను అంకెలు అడుగుడు నాతోని కాదు."

"తప్పు నాదే."

"ఎరికే."

"నువ్వు మాట్లాడతవని..."

"అదీ ఎరికే."

అటు ఏవో అడుగులు దూరమయ్యాయి. పోచవ్వ పక్కకు పోయినట్టుంది.

"నాకు భయమైంది రాణీ," అన్నాడు అంజి. నోట్లోంచి ఆ మాట వచ్చాక గాని అది చెప్పబోతున్నానని అతనికే తెలియలేదు.

"దేనికి?"

"మడికి. నాకిప్పుడు మడి తెల్వదు. పోయినసారి అందరి ముంగట ఒడ్డు మీద కూసొమ్మన్నవ్ కద. కైకిలోళ్లు నవ్విన్రు. వచ్చి మల్ల ఆన్నే కూసోవాల్నా అనిపిస్తది. ఈడనైతె నాకు పని వస్తది. బిల్డింగ్‌కు స్కాఫోల్డింగ్ కడ్తె ఎవ్వరు నవ్వరు."

అటు గాజుల చప్పుడు ఆగింది.

"గందుకా?" అంది రాణి.

అంజి గోడ సున్నం గోటితో గీరాడు.

"రెండేండ్లకు వచ్చినవ్. ఇరవై దినాలకు మల్ల పోతవ్. నా వెనక కట్టలేసుకుంట తిరిగితె నీ మొఖం నాకెట్ల కనవడ్తది? ఒడ్డు మీద కూసుంటె, నాటేసుకుంట నాటేసుకుంట తలెత్తినప్పుడల్ల కనవడ్తవని కూసొమ్మన్న."

జలంధర్ లేచి రెండు మెట్లు కిందికి దిగి, అక్కడే ఆగిపోయాడు.

"నాకు చెప్తె ఏమాయె అప్పుడే?" అంది రాణి. "మూడుసార్లు ఎదురుచూసిన. ఎందుకు వస్తలేడో తెల్వక, ఎవరన్న ఉన్నరేమో ఆడ అని కూడ అనుకున్న."

"ఛీ, లేదు రాణీ!"

"లేకపోతె లేదు. ఇప్పుడు తెలిసింది. ఏం లాభం? పొద్దున లారీ పోయినంక గంగారాం అన్నకు మాటిచ్చిన."

"ఏం మాట?"

"వచ్చే యాసంగి పంటకు మడి కౌలుకిస్త అని. ఆయన చాన దినాల సంది అడుగుతున్నడు. ఆదివారం విత్తనం నానేస్తడట."

అంజి ఒక్కసారి గోడ విడిచి నిలబడ్డాడు. గంగారాం వాళ్ళ మడి తమ మడికి ఆనుకునే ఉంటుంది. ఒకసారి అతని నాగలి పడితే నడుమ గట్టు ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం. అది తర్వాతి మాట. ముందు, యాసంగి అంతా రాణి ఆ మడిలో ఉండదు. ఎవరో ఉంటారు. తాను ఈ ఎండలో ఇనుప గొట్టాలు బిగిస్తూ మనసులో తిరిగే చోట, ఎవరో ఉంటారు.

"వద్దు. మాట వాపస్ తీస్కో."

"తీస్కుంటె దున్నేదెవరు?" అంది రాణి. "నా నడుము పోయింది. నేను ఒక్కదాన్నే అయితె ఇగ దున్నను. చెప్తున్న. దున్న."

"నేను దున్నుత."

అన్నాడు.

"ఎప్పుడు?" అంది రాణి.

అంజి ఫోను చెవి దగ్గరే ఉంచుకుని మెట్లు దిగడం మొదలుపెట్టాడు. జలంధర్ పక్కకు జరిగి దారిచ్చాడు. రెండో అంతస్తు, మొదటి అంతస్తు. వంటగది ముందు రయీస్ గరిటె పట్టుకుని ఏదో అడిగాడు. అంజి దాటిపోయాడు.

"ఏడికి పోతున్నవ్?" అంది రాణి. అతని అడుగుల చప్పుడు ఆమెకు వినబడుతోంది. "నడుస్తున్నవా?"

"ఫోను పెట్టకు," అన్నాడు.

ఆమె పెట్టలేదు.

క్యాంప్ బాస్ గది గేటు పక్కన ఉంటుంది. తలుపు మూసి ఉంది. లోపల ఏసీ రొద. ఆ తలుపు వెనక ఇనుప బీరువాలో, ఆరు నెలల కాగితం మీద అంజి సంతకం ఉంది. శుక్రవారం నమాజు చేసి, తిని, నిసార్ అహ్మద్ పడుకునే వేళ ఇది. నాలుగింటి దాకా ఎవరికి ఏమైనా సరే ఆ తలుపు ఎవరూ తట్టరు.

అంజి తట్టాడు.